పండుగ దాకా ఆగని చలి



ఈ రోజుల్లో మీ ఇళ్ళలో పనికి కొదవ ఉండదని మాకు తెలుసు. ఒకవైపు సార్వా కోతలు, నూర్పిళ్ళు. మరోవైపు ఇంటికి సున్నాలు, పిల్లలకు కొత్తబట్టలు, చీకటి పడితే కేరల్స్ బృందంతో ఊరంతా తిరగడం. ఇన్ని పనుల మధ్య రేడియోలోనో, టీవీలోనో, చేతిలోని ఫోనులోనో ఒక మాట వినబడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది, కోస్తా జిల్లాల్లో భారీ వర్షాలు పడవచ్చు, ఉష్ణోగ్రతలు తగ్గవచ్చు అని. "మళ్ళీ వచ్చిందిరా బాబూ" అనుకుంటాం. పరుగున కళ్ళానికి వెళ్ళి ధాన్యం మీద బరకం కప్పి వస్తాం.

అయితే ఆ మాటలో సగమే మన చెవికి ఎక్కుతున్నదని మాకు అనిపిస్తుంది. భారీ వర్షాలు అన్నది వింటాం. ఉష్ణోగ్రతలు తగ్గుతాయి అన్నది వినీ విననట్టు వదిలేస్తాం. చలి అనేది లంబసింగిలోనో, మారేడుమిల్లి కొండల్లోనో ఉంటుంది గాని కాలువ గట్టున బ్రతికే మనకు చలేమిటి అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. దానికి ఒక ప్రాణం విలువ చెల్లించవలసి వచ్చింది. ఆ సంగతి ఈ నెల మీతో చెప్పుకోవాలని కూర్చున్నాం. ముందుగా ఈ కాలపు వానల స్వభావం కొంచెం తెలుసుకుందాం.

నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగిన తరువాత అక్టోబరు మూడో వారం దాటాక గాలి దిక్కు మారుతుంది. ఈశాన్యం నుండి సముద్రం మీదుగా వీచే గాలి తేమను మోసుకొని వస్తుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే ఈ వాన మన రాష్ట్రపు ఏడాది వర్షంలో సుమారు ముప్ఫై శాతం. అప్పటికింకా బంగాళాఖాతపు నీరు వెచ్చగానే ఉంటుంది గనుక, ఆ వేడి తేమే ఆహారంగా అల్పపీడనాలు పుట్టి వాయుగుండాలుగా, తుపానులుగా పెరుగుతాయి. సరిగ్గా మన పంట చేతికి వచ్చే వేళకే ఇవి వస్తాయి. అదే మన డెల్టా కష్టం.

ఈ కష్టం కొత్తది కాదు. తాళ్ళరేవు దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెనలు దానిని ముంచెత్తాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టింది. ఆ రాత్రి పోయినవారు పదివేలకు పైనే. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకారుల గ్రామాల్లో ఇంటింటా ఏడుపే. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. లక్షల కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయాయి. కొత్త మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది గనుక, ఒక్క రాత్రి గాలికి ఎన్నో కుటుంబాల బ్రతుకు ఆరేడేళ్ళు వెనక్కు పోయింది.

నాటికీ నేటికీ ఒక పెద్ద మేలు జరిగింది. ముందుగా తెలుస్తున్నది. విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం 1974లో ఏర్పడింది. ఇప్పుడు విశాఖలోను, మచిలీపట్నంలోను రాడార్లు ఉన్నాయి. ఉపగ్రహాలు పైనుండి చూస్తున్నాయి. తుపాను వచ్చేటట్లుంటే మూడు రోజుల ముందు మొదటి మాట చెబుతారు. తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు మరొకటి ఇస్తారు. తీరం దాటడానికి 12 గంటల ముందు, దాటిన తరువాత పరిస్థితి ఎలా ఉంటుందో కూడా చెబుతారు. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను రాక కూడా మనకు రోజుల ముందే తెలిసింది. వరిచేలు నేలకొరిగాయి గాని, 1996 నాటి శోకం మళ్ళీ చూడలేదు. అందుకు దేవునికి స్తోత్రం.

అయితే చెప్పేవారు చెప్పే మాటలు మనకు అర్థం కావాలి కదా. వాతావరణ శాఖవారు భారీ వర్షం అన్నారంటే ఊరికే అనరు. దానికి ఒక కొలత ఉంది. ఇరవైనాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. 115.6 నుండి అతి భారీ వర్షం. 204.5 నుండి అత్యంత భారీ వర్షం. మిల్లీమీటరంటే చిన్నదిగా కనిపిస్తుంది గాని లెక్క వేసి చూడండి. భారీ వర్షపు మొదటి మెట్టు దగ్గరే ఒక ఎకరం మీద రెండు లక్షల అరవై వేల లీటర్ల నీరు పడుతుంది. మన నేల బల్లపరుపు. మురుగుకాలువలో గుర్రపుడెక్క పేరుకొని ఉంటే ఆ నీరు ఎక్కడికి పోతుంది? రంగులు కూడా గుర్తుంచుకోవాలి. పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని. నారింజ అంటే సిద్ధపడండి అని. ఎరుపు అంటే ఇక ఆలోచించక చేయవలసింది చేయండి అని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మన డెల్టా కాకినాడ, అంబేద్కర్ కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లోకి పంచబడింది. పాత అలవాటు చొప్పున తూర్పు, పశ్చిమ అనే మాటల కోసమే చెవి పెట్టి, అసలు మన జిల్లా పేరు వచ్చినప్పుడు వదిలేయకండి.

ఇక మా సంగతి.

2018 డిసెంబరు 17, సోమవారం. పెథాయ్ అనే తుపాను మధ్యాహ్నం వేళ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. క్రిస్మస్‌కు ఇంకా ఎనిమిది రోజులు. తీరం చేరేసరికి దాని బలం తగ్గింది. అందరం 1996 గుర్తు చేసుకొని భయపడ్డాం గాని అంత గాలి రాలేదు. చెట్లు పెద్దగా పడలేదు. మంగళవారం ఉదయం మేమూ, మరో ఇద్దరు సంఘ పెద్దలూ గొడుగులు వేసుకొని, ఎవరి కప్పు లేచిపోయిందో చూడడానికి బయలుదేరాం. గట్టు మీద తాటాకింట్లో ఒంటరిగా ఉండే ఒక మామ్మగారి గుమ్మం దగ్గర ఆగాం. ఆమెకు డెబ్బై ఐదేళ్ళు దాటాయి. ముందురోజు అందరితో పాటు బడిలో తలదాచుకొని అప్పుడే ఇల్లు చేరారు.

"మామ్మగారూ, బాగున్నారా?" అని అడిగాం.

"నాకేం బాబూ, గాలి పోయింది కదా. దేవుడు కాపాడాడు" అన్నారు.

ఆమె చీర అంచులు తడిసి ఉన్నాయి. లోపల మంచం తడిసింది. కప్పుకొనే దుప్పటి దండెం మీద నీళ్ళోడుతూ ఉంది. అవన్నీ మేము చూశాం. చూసి, ఇల్లు నిలబడింది కదా అని సంతోషించి, గుమ్మంలోనే ప్రార్థన చేసి ముందుకు సాగిపోయాం.

అదే సమయంలో మందిరం వెనుక గదిలో నలభై కొత్త దుప్పట్లు కట్టకట్టి ఉన్నాయి. క్రిస్మస్ ఆరాధన తరువాత అతిథిగారి చేతుల మీదుగా వృద్ధులకు ఇవ్వాలని పట్టిక రాసుకున్నాం. మామ్మగారి పేరు ఆ పట్టికలో ఉంది. తాళంచెవి మా జేబులోనే ఉంది.

గురువారం తెల్లవారుజామున పక్కింటి కుర్రవాడు వచ్చి పిలిచాడు. మేము వెళ్ళేసరికి ఆమె మాట తడబడుతున్నది. చేతులు మంచులా ఉన్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఒంటి వేడి బాగా పడిపోయింది, ఊపిరితిత్తులకు జబ్బు చేసింది, రెండు రోజుల ముందు రావలసింది అన్నారు డాక్టరుగారు. సాయంత్రానికి ప్రభువు సన్నిధికి చేరారు. క్రిస్మస్ నాడు ముప్ఫై తొమ్మిది దుప్పట్లు పంచాం. ఒకటి మిగిలింది.

ఆ వారమంతా తెలుగు జిల్లాల్లో చలికి తట్టుకోలేక వృద్ధులు చనిపోయిన వార్తలు పత్రికల్లో వచ్చాయి. గాలి చంపకుండా వదిలినవారిని చలి పట్టుకుంది. మన ప్రాంతంలో ఇంత చలి ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. వాన ముసురు పట్టి ఉన్నంతసేపు ఎండ ఉండదు గనుక పగలు వేడెక్కదు. పగటికీ రాత్రికీ తేడా లేకుండా ఒకటే చలిగా ఉంటుంది. తుపాను పోయాక మబ్బు విడుతుంది. మబ్బు అంటే భూమికి కప్పిన దుప్పటి వంటిది. అది తొలగితే రాత్రివేళ నేలలోని వేడి ఆకాశంలోకి పోతుంది. పైగా ఉత్తరం నుండి పొడిగాలి వీస్తుంది. మన తీరంలో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గితే దానిని చలిగాలిగా లెక్కించవచ్చని వాతావరణ శాఖ కొలత. కొండల మీదవారికి 15 డిగ్రీలు నవ్వులాట. కాని గోడలు తడిసి, బట్ట తడిసి, కడుపులో వేడి పదార్థం లేని ముసలి ప్రాణానికి అది నవ్వులాట కాదు. తడిబట్ట ఒంటి వేడిని పొడిబట్టకంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది. వయసు మీరినవారికి తమ ఒళ్ళు చల్లబడుతున్న సంగతి తమకే సరిగా తెలియదు. అందుకే నాకేం బాబూ అంటారు. ఆ మాట విని వెళ్ళిపోకూడదు.

అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయాలు మీకు తెలిసినవే. చలికాలం దగ్గరపడింది, ఈ ప్రయాణం నష్టం తెస్తుందని పౌలు ముందే చెప్పాడు. శతాధిపతి ఆ మాట కంటే ఓడ నడిపేవాని మాట నమ్మాడు. ఓడ బద్దలైంది. రెండువందల డెబ్బై ఆరుగురూ తడిసి ముద్దై మెలితే ద్వీపపు ఒడ్డుకు చేరారు. అక్కడివారు మొదట చేసిన పని ఏమిటి? నిప్పు రాజేసి అందరినీ దగ్గరకు చేర్చుకున్నారు. వానా చలీ ఉన్నందున అలా చేశారని లూకా కారణం కూడా రాసిపెట్టాడు. ఎన్నోసార్లు ఆ భాగం చదివాం. ఆ కారణం మా కంటికి ఆనింది మాత్రం 2018 తరువాతనే.

కాబట్టి ఇంట్లో చేయవలసినవి చెబుతాం. వాన ఉందని వినగానే ఒక జత పొడిబట్టలు, ఒక దుప్పటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఎత్తైన చోట పెట్టండి. తడిసినవారి బట్టలు వెంటనే మార్చి, తల, చెవులు, పాదాలు కప్పండి. గంజో, పాలో, చారో వేడివేడిగా ఇవ్వండి. ఒళ్ళు వేడెక్కుతుందని సారా ఇవ్వడం కొన్నిచోట్ల ఉంది. అది కాసేపు వెచ్చగా అనిపించినా ఒంటి లోపలి వేడిని బయటకు పోనిస్తుంది. మాట తడబడినా, మగతగా ఉన్నా, వణుకు ఉన్నట్టుండి ఆగిపోయినా మేలైందనుకోకండి. అది ప్రమాదపు గుర్తు. పొడి దుప్పట్లలో చుట్టి, ఛాతీ, పొట్ట ముందుగా వెచ్చబడేటట్లు చూసి, 108కి ఫోను చేయండి. చేతులు కాళ్ళు గట్టిగా రుద్దకండి. పసిబిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచడమే అన్నిటికంటే మంచి వెచ్చదనం. కుంపటి విషయంలో ఒక హెచ్చరిక. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి నిద్రపోతే రంగూ వాసనా లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి దగ్గర కాచుకున్నాక, పడుకునే ముందు బయట పెట్టండి. కేరల్స్‌కు వెళ్ళే పిల్లలకు తలకు గుడ్డ కట్టండి. చినుకులు పడితే ఆ రాత్రి ఆపేయండి.

ఇక చేను సంగతి. మూడు నాలుగు రోజుల్లో వాన ఉందంటే కోత ఆపుకోండి. నిలబడిన చేను కంటే కోసి పడుకోబెట్టిన పనలకే నష్టం ఎక్కువ. కోసినది ఉంటే వాన రాకముందే కుప్ప వేసి బరకం కప్పండి. ముందుగానే బోదెలు తీసి నీటికి దారి చేయండి. వాన పట్టి పనలు నానిపోతే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేటట్లు పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. వాన తెరిపి ఇవ్వగానే పనలు తిరగేయాలి. తడి పనలు అలాగే కుప్ప వేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. నూర్చిన ధాన్యం తడిసి, ఆరబెట్టే ఎండ లేకపోతే క్వింటాకు కిలో ఉప్పు, ఇరవై కిలోల పొడి ఊక కలిపి పోగు పెడితే కొన్నాళ్ళు ఆగుతుంది. దాళ్వా నారుమడి పోసినవారు చలి రాత్రుల్లో మడి మీద పట్టా కప్పి ఉదయం తీసేయండి. మడిలో నిలిచిన చల్లనీరు ఉదయం వదిలి కొత్తనీరు పెట్టండి. చెరువులున్నవారికి ముసురు రోజుల్లో ప్రాణవాయువు తగ్గుతుంది. మేత తగ్గించి ఏరేటర్లు తిప్పండి. పశువుల పాకలో పొడిగడ్డి పరచి, దూడలకు గోనెపట్టా కప్పండి. నీరు ముంచుకొచ్చే చోట పలుపుతాడు విప్పివేయడం మరచిపోకండి.

మరొక మాట. చలికాలం మూడు నెలలూ ఎలా ఉంటుందో చెప్పే సూచన వేరు, నాలుగైదు రోజుల సూచన వేరు. మొదటిది కాలమంతా మొత్తం మీద మామూలుకంటే వెచ్చగా ఉంటుందా, చల్లగా ఉంటుందా అన్న అంచనా మాత్రమే. దానిని బట్టి కోత తేదీ పెట్టుకోలేం. ఈ ఏడు చలి తక్కువ అన్నారని దుప్పటి కొనకుండా ఉండలేం. వెచ్చని ఏడాదిలో కూడా ఒక తుపాను వచ్చి వారం రోజులు వణికించవచ్చు. పనికి వచ్చేది దగ్గరి సూచన. అది రోజూ వినాలి. మంగళ, శుక్రవారాల్లో రైతులకోసం వచ్చే సలహాలు మేఘదూత్ అనే యాప్‌లో తెలుగులోనే దొరుకుతాయి. ఇంట్లో చదువుకొనే పిల్లలుంటే వారిచేత చదివించుకోండి. విన్నదానిని వినలేని ఇంటికి చేర్చే పని కూడా వారికే అప్పగించండి.

మా సంఘంలో 2019 నుండి ఒక చిన్న మార్పు చేసుకున్నాం. మీకూ పనికి వస్తుందేమోనని చెబుతున్నాం. నవంబరు మొదటి ఆదివారానికే దుప్పట్లు వచ్చేస్తాయి. ఒంటరిగా ఉండేవారు, తాటాకిళ్ళవారు, పచ్చి బాలింతలు, మంచాన పడినవారు ఎవరెవరో స్త్రీల సమాజంవారు పట్టిక రాస్తారు. ఏ సంఘం, ఏ మతం అని ఆ పట్టికలో గడి లేదు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క యువకుని పేరు ఎదురుగా ఉంటుంది. నారింజ హెచ్చరిక వచ్చిన రోజునే ఆ యువకుడు దుప్పటి తీసుకొని ఆ ఇంటికి వెళ్ళాలి. వాన వెలిసిన మరుసటి ఉదయం మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళినవాడు గుమ్మంలో నిలబడి బాగున్నారా అని అడిగి రాకూడదు. లోపలికి వెళ్ళి మంచం మీద చెయ్యి వేసి తడి ఉందో లేదో చూడాలి. పొయ్యి వెలిగిందో లేదో చూడాలి. తాళంచెవి ఒక్కరి జేబులో ఉండకూడదని మూడు చెవులు చేయించాం.

క్రిస్మస్ నాడు పంచడానికి ఇప్పుడు మా దగ్గర దుప్పట్లు ఉండవు. అతిథిగారు వస్తే పిల్లలకు బహుమతులు ఇస్తారు. మొదటి ఏడాది కొందరు పెద్దలకు అది వెలితిగా తోచింది. ఆ ఆరాధనలో ముందు వరుసలో కూర్చున్న వృద్ధుల భుజాల మీద అప్పటికే నలిగి, పొగవాసన పట్టిన దుప్పట్లు చూశాక ఎవరూ ఏమీ అనలేదు.

ఈసారి రేడియోలో ఉష్ణోగ్రతలు తగ్గుతాయన్న మాట వినబడినప్పుడు బరకం తీసుకొని కళ్ళానికి వెళ్ళండి. తప్పదు. దారిలో గట్టు మీది ఇంటి దగ్గర ఆగి, ఒక్క నిమిషం లోపలికి వెళ్ళి రండి. ప్రభువు మీ ఇంటిని, మీ పంటను, మీ పొరుగువారిని కాపాడును గాక.